విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా? పండుగలు చేసుకోవచ్చా? – తరచుగా అడిగే ప్రశ్నలు

బొబ్బిలి, రాజాం, టెక్కలి చుట్టుపక్కల సంఘాల్లో తరచుగా వినిపించే ప్రశ్నలు ఇవి. బైబిల్ స్టడీ అయిపోయాక, అయ్యగారు (పాస్టరు) బండి స్టార్ట్ చేసేలోపు గేటు దగ్గర ఆపి అడిగే రకం. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగాను, సండే స్కూల్లో పాఠం చెబుతాను. కాబట్టి ఆదివారం వైపు కొంత మొగ్గు ఉంటుంది, అది దాచను. అయినా శనివారం ఆచరించేవాళ్ళు చదివి "మా మాటను వంకర చేశాడు" అనకూడదని జాగ్రత్త పడ్డాను.

బైబిల్లో విశ్రాంతి దినం ఏ రోజు?

శనివారం. ఇందులో ఎవరికీ పేచీ లేదు. యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది. అందుకే శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాకా.

విశ్రాంతి దినం పాటించమని ఆజ్ఞ ఎందుకు ఇచ్చారు?

రెండు చోట్ల రెండు కారణాలు కనిపిస్తాయి. మనలో చాలామంది మొదటిదే చదువుతారు. నిర్గమకాండము 20లో చెప్పింది సృష్టి గురించి: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండము 5లో ఇదే ఆజ్ఞ మళ్ళీ వస్తుంది, అక్కడ కారణం వేరు: ఐగుప్తులో (ఈజిప్టులో) నువ్వూ బానిసవే, అది మరచిపోకు. ఎవరెవరు పని మానాలో ఆ వచనంలో వరసగా ఉంది. నువ్వు, కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, మీ ఊళ్ళో ఉన్న పరదేశి. అంతటితో ఆగకుండా "నీవలె నీ దాసుడును నీ దాసియును విశ్రమింపవలెను" అని విడిగా ఇంకోసారి చెప్పారు.

ఐగుప్తులో ఇశ్రాయేలీయులు చేసింది ఇటుకల పని. దేవుణ్ణి ఆరాధించుకోవడానికి కొన్నాళ్ళు వెళ్ళనివ్వమని అడిగితే అక్కడి రాజు ఫరో "మీరు సోమరులు" అన్నాడు, గడ్డి ఇవ్వడం మానేసి ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. మన జిల్లాల నుంచి వలస వెళ్ళి బట్టీల్లో పనిచేసి వచ్చినవాళ్ళకు ఆ అధ్యాయం విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ రోజు అని ఎంతసేపైనా వాదించుకుంటాం. మన చేతికింద పనిచేసేవాళ్ళకు ఆ రోజు సెలవు దొరికిందా అని మాత్రం ఎవరూ అడగరు. ఆజ్ఞలో సగం మాటలు వాళ్ళ గురించే.

మరి క్రైస్తవులు ఆదివారానికి ఎలా వచ్చారు?

యేసు తిరిగి లేచింది వారం మొదటి రోజున, అంటే ఆదివారం అని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. అపొస్తలుల కార్యములు 20:7లో త్రోయలో విశ్వాసులు రొట్టె విరవడానికి కూడుకున్నది ఆ రోజే. 1 కొరింథీయులకు 16:2లో చందా పక్కన పెట్టమన్నదీ ఆ రోజే. ప్రకటన 1:10లో "ప్రభువు దినము" అనే మాట ఉంది, దాన్ని ఆదివారంగానే ఎక్కువమంది తీసుకుంటారు.

బైబిలు బయట కూడా ఆధారాలు ఉన్నాయి. సుమారు 112లో ప్లినీ అనే రోమా గవర్నరు ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కూడుకుంటారని రాశాడు. ఏ రోజో చెప్పలేదు. 150 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత మాత్రం స్పష్టంగా ఆదివారం అన్నాడు, వాక్యం చదవడం, ప్రసంగం, ప్రార్థన, రొట్టె, చివర్లో పేదలకోసం కానుక అని క్రమం కూడా రాశాడు. ఇప్పుడు మన ఆరాధన క్రమం పెద్దగా మారలేదు, అనౌన్స్‌మెంట్లు మాత్రం పెరిగాయి.

ఆ రోజుల్లో ఆదివారం సెలవు కాదు. పొద్దున్నే ఆరాధన చేసుకుని పనికి పోయేవాళ్ళు. అంటే తొలి రెండు మూడు వందల ఏళ్ళు ఆదివారం ఆరాధన దినమే గాని విశ్రాంతి దినం కాదు.

"ఆదివారాన్ని కాన్‌స్టంటైన్ రాజు పెట్టాడు" అని యూట్యూబ్‌లో చెబుతున్నారు. నిజమేనా?

సగం నిజం. ఆయన రోమా చక్రవర్తి, 321 మార్చి 7న ఇచ్చిన ఆజ్ఞతో ఆదివారం ప్రభుత్వ సెలవు అయ్యింది. న్యాయస్థానాలు, పట్టణాల్లో పనివాళ్ళు ఆ రోజు మానాలి. ఆరాధన మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఆదివారం జరుగుతోంది, పైన చెప్పిన జస్టిన్ ఆయనకంటే 170 ఏళ్ళ ముందువాడు. ఆ తర్వాత అదే శతాబ్దంలో లవొదికయలో జరిగిన సంఘ పెద్దల సభ శనివారం పని మానకూడదని, ఆదివారాన్ని గౌరవించాలని తీర్మానించింది. ఆ తీర్మానం చేయాల్సి వచ్చిందంటే అప్పటికీ శనివారం ఆచరించే క్రైస్తవులు చాలామందే ఉన్నారన్నమాట.

కాన్‌స్టంటైన్ ఆజ్ఞలో ఎవరూ చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. రైతులకు అందులో మినహాయింపు ఇచ్చారు. విత్తనాలకు, ద్రాక్ష నాటుకు అదును తప్పితే మళ్ళీ రాదని కారణం కూడా రాశారు.

శనివారం ఆచరించే సెవెంత్ డే అడ్వెంటిస్టుల వాదన ఏమిటి?

వాళ్ళు అడిగేది సూటిగా ఉంటుంది. పది ఆజ్ఞల్లో తొమ్మిది ఉంచుకుని నాలుగోదాన్ని మార్చే అధికారం ఎవరిచ్చారు? యేసు తన వాడుక చొప్పున విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్ళాడు (లూకా 4:16), పౌలూ వెళ్ళాడు. ఏడో రోజును దేవుడు పరిశుద్ధపరచింది ఆదికాండము 2లో, అప్పటికి యూదులే లేరు, కాబట్టి అది యూదులకు మాత్రమే అనలేం. ఇదీ వాళ్ళ మాట. ఈ సంఘం అమెరికాలో 1863లో ఏర్పడింది, శనివారం ఆచరించే బాప్టిస్టులు మాత్రం ఇంగ్లాండులో 1600ల నుంచే ఉన్నారు.

ఆచరణలో వాళ్ళను చూసి నేర్చుకోవాల్సింది ఉంది. శుక్రవారం మధ్యాహ్నానికే ఇల్లు శుభ్రం, వంట, బట్టల పని ముగిస్తారు. మన దగ్గర డిసెంబరు మొదట్లో ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఆరున్నర దాకా ఉంటుంది. ఆ తేడా చూసుకుని ముందే సర్దుకుంటారు. మన ఇళ్ళల్లో ఆదివారం తొమ్మిదిన్నరకు ఇస్త్రీ పెట్టె కోసం పడే పోట్లాట అక్కడ ఉండదు.

మిగతా సంఘాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయా?

లేవు. ప్రెస్బిటేరియన్, ప్యూరిటన్ సంప్రదాయంలో ఆదివారమే క్రైస్తవ విశ్రాంతి దినం. 1640లలో రాసిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ప్రకారం ఆ రోజు ఆరాధనతో పాటు అత్యవసరమైన పనులు, దయగల పనులు మాత్రమే చేయాలి. కెనడా బాప్టిస్టు మిషనరీల ద్వారా మన వైపు వచ్చిన ఆదివారం కట్టుబాటులో ఈ వాసన బాగా ఉంది. పెద్దవాళ్ళు ఆదివారం సంతకు పోనివ్వకపోవడం అందులోదే.

లూథరన్లు అంత గట్టిగా పట్టుకోరు: వాక్యం వినడం ముఖ్యం, రోజు క్రమం కోసం. బ్రెత్రెన్ సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరవడమే కేంద్రం. కథోలికులకు ఆదివారం పూజ తప్పనిసరి బాధ్యత, శనివారం సాయంత్రం పూజకు వెళ్ళినా ఆ బాధ్యత తీరినట్టే. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం శనివారం, ఆదివారం రెండింటినీ గౌరవిస్తుంది. అక్కడ ఈ తగువే లేదు.

రోమా 14 ప్రకారం ఎవరికి నచ్చిన రోజు వాళ్ళదేనా?

పౌలు రాసింది ఇది: ఒకడు ఒక రోజును మంచిదని ఎంచుతాడు, ఇంకొకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు, "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను." కొలొస్సయులకు 2:16లో పండుగ, అమావాస్య, విశ్రాంతి దినం విషయంలో మీకు తీర్పు తీర్చనివ్వకండి అన్నాడు. శనివారం ఆచరించేవాళ్ళు దీనికి జవాబుగా, అది బలులతో ముడిపడిన ఏటేటి విశ్రాంతి దినాల గురించే, వారవారం వచ్చేదాని గురించి కాదు అంటారు. నాకు ఆ జవాబు సరిపోదు. పండుగ ఏటా వచ్చేది, అమావాస్య నెలనెలా వచ్చేది, మూడోది వారవారం వచ్చేదే అని చదివితేనే వరస కుదురుతుంది.

అయితే "నా మట్టుకు నేను" అన్న మాటను ఆరాధన ఎగ్గొట్టడానికి వాడుకోవడం మాత్రం మోసం. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీయులకు 10:25లో ఉంది. అక్కడ రోజు పేరు లేదు, కూడుకోవడం ఉంది.

ఉభాల (వరి నాట్ల) సమయంలో ఆదివారం పొలానికి వెళితే పాపమా?

కాలువలో నీరు వచ్చింది, మడి దున్నించి పెట్టారు, ఆకు (నారు) తీసేశారు, మనుషులు ఆదివారమే దొరికారు. తీసిన ఆకు సోమవారం దాకా ఆగదు. ఎద్దు గుంటలో పడితే విశ్రాంతి దినాన మీరు పైకి లాగరా అని యేసు అడిగాడు (లూకా 14:5), ఇదీ ఆ కోవలోదే. పైన చెప్పిన రోమా చట్టం కూడా రైతును వదిలేసింది.

అయితే నిర్గమకాండము 34:21 కూడా చదవాలి: దున్నే కాలంలోనూ కోతకాలంలోనూ విశ్రమించమని ఉంది. ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం అర్జెంటే అయితే అది అర్జెంటు కాదు. మన వైపు కొన్ని సంఘాలు ఉభాల రోజుల్లో ఆరాధనను తెల్లవారి ఐదున్నరకు మార్చుకుంటాయి. ఏడింటికల్లా అందరూ మడిలో ఉంటారు. ఇంకో మాట. మీ మడిలో నాటడానికి వచ్చిన కూలీల్లో విశ్వాసులు ఉంటే, వాళ్ళనూ ఆరాధనకు పంపి తర్వాత పనికి పిలవండి. రైతు గుళ్ళో, కూలీ గట్టు మీద ఉండటం ద్వితీయోపదేశకాండము 5కి పూర్తిగా వ్యతిరేకం.

ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ, ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ఉంటే?

ఆసుపత్రి గురించి ఏ సంఘానికీ అభ్యంతరం లేదు. యేసు విశ్రాంతి దినాన స్వస్థపరచిన సందర్భాలు సువార్తల్లో చాలా ఉన్నాయి, ఆయన మీద వచ్చిన గొడవల్లో సగం వాటి గురించే.

పైడిభీమవరం వైపు షిఫ్టులకు వెళ్ళే పిల్లలకు ఆదివారం మన చేతిలో ఉండదు. వాళ్ళను వెనకబడ్డ విశ్వాసులని స్టేజీ మీద నుంచి దెప్పడం తప్పు. బుధవారమో శుక్రవారమో సాయంత్రం ఒక చిన్న ఆరాధన పెట్టండి. మొదటి ఆదివారం బల్లారాధన (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) తప్పిపోతే తర్వాత ఇంటికి వెళ్ళి ఇచ్చే పద్ధతి మీ సంఘంలో ఉందేమో అడగండి. అరసవల్లి సూర్యదేవాలయం రూట్లో ఆటో నడిపే సోదరుడి ఇబ్బంది ఇంకోటి: వారంలో నాలుగు డబ్బులు మిగిలేది ఆదివారమే, మాఘమాసం అయితే చెప్పక్కర్లేదు. పొద్దున్న ఆరాధనకు వచ్చి తర్వాత స్టాండుకు వెళ్ళేవాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు.

ఆదివారం పోటీ పరీక్ష పడింది. రాయాలా, మానాలా?

దాదాపు అన్ని ఆదివారం సంఘాలూ రాయమనే చెబుతాయి. అడ్వెంటిస్టు పిల్లలకు శనివారం పరీక్షలతో నిజమైన కష్టం ఉంది, కొందరు ఏడాది కోల్పోవడానికైనా సిద్ధపడతారు. అది తేలికగా తీసిపారేసేది కాదు.

ఇక్కడ ప్రసంగాల్లో తప్పక వచ్చే కథ ఎరిక్ లిడెల్‌ది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన పరుగెత్తలేదు, తర్వాత 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. ప్రసంగంలో చెప్పనిది ఏమిటంటే, షెడ్యూలు ఆయనకు నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ 400 మీటర్లకు ప్రాక్టీసు చేశాడు. పరీక్ష హాల్ టికెట్ వచ్చాక ముందురోజు రాత్రి టెన్షన్ పడేవాళ్ళకు ఆయన కథ అంతగా అతకదు.

ఆదివారం అమ్మకు రెస్టు ఎక్కడుంది?

ఈ ప్రశ్న ఎక్కువగా అడగరు, నేనే చేర్చాను. ఆదివారం పొద్దున్న లేచి పిల్లలకు తలస్నానాలు, టిఫిన్, గుడికి పరుగు. ఒంటిగంటకు తిరిగి వచ్చాక కోడి కూర, దాంతోపాటు చుట్టాలు. నాన్న చాప వేసుకుని పడుకున్నాడు, అమ్మ గిన్నెల దగ్గర ఉంది. అయ్యగారి ఇంట్లో అమ్మగారి పరిస్థితి ఇంకా కష్టం, దూరం నుంచి వచ్చినవాళ్ళు భోజనం అక్కడే. ఇంటిల్లిపాదిలో ఒక్కరికి రెట్టింపు పని పడే రోజును విశ్రాంతి దినం అని పిలవడానికి నాకు నోరు రాదు.

ఎడారిలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా మన్నా కురిసిన కాలంలోనే దీనికి దారి ఉంది: ఆరో రోజు రెండింతలు ఏరుకున్నారు. కూర శనివారం రాత్రే వండి పెట్టుకోవచ్చు. లేదా గిన్నెలు మగపిల్లలు తోమవచ్చు.

క్రిస్మస్ బైబిల్లో లేదు కదా, ఎందుకు చేస్తారు?

తేదీ లేదు, నిజమే. డిసెంబరు 25న జరిపినట్టు రోములో 336 నాటి దాఖలా ఉంది. పాత క్యాలెండరు వాడే ఆర్థడాక్స్ సంఘాలకు అది జనవరి 7న వస్తుంది, ఆర్మేనియా సంఘానికి జనవరి 6. బైబిల్లో లేదని పండుగను వదిలేసినవాళ్ళు కొత్తగా పుట్టలేదు. ఇంగ్లాండులో ప్యూరిటన్ల పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. మన దగ్గర కూడా కొన్ని సహవాసాల్లో ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ చేయరు.

నా లెక్కలో క్రిస్మస్ చేసుకోవడం తప్పు కాదు, చేయనివాణ్ణి తక్కువగా చూడటం తప్పు. అప్పు చేసి బట్టలు కొనడం గురించి అడిగితే, అది ఏ పండుగకైనా తప్పే.

సెమీ క్రిస్మస్, వాచ్ నైట్ ఎక్కడివి?

సెమీ క్రిస్మస్ మనం పెట్టుకున్నదే, ఆఫీసులకూ కాలేజీలకూ 25న సెలవు కాబట్టి ముందే కలిసి చేసుకునే వేడుక. వాచ్ నైట్ మొరేవియన్ల నుంచి, జాన్ వెస్లీ మెథడిస్టుల నుంచి వచ్చింది, 1700ల నాటి అలవాటు. అందులో మొదట ఉన్నది ఆత్మపరీక్ష, ప్రార్థన. ఏడాది వాగ్దానం కార్డులు తీసుకోవడం తర్వాత చేరింది.

ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుంది?

యేసు సిలువ, పునరుత్థానం యూదుల పస్కా పండుగ రోజుల్లో జరిగాయి, ఆ పస్కా చంద్రుడి లెక్కది కాబట్టి. 325లో నీకయ సభ తర్వాత స్థిరపడిన పద్ధతి ప్రకారం మార్చి 21న గాని, ఆ తర్వాత గాని వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. అందుకే మార్చి 22 – ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా వస్తుంది. 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. తిథులు చూసే ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఇది పెద్ద చిక్కు లెక్క కాదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు నలభై అంటారు, లెక్కపెడితే నలభై ఆరు వస్తున్నాయి?

ఆదివారాలు లెక్కలో లేవు. ప్రతి ఆదివారం పునరుత్థానపు రోజే కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండరు. కథోలికులు, లూథరన్లు దీన్ని క్రమంగా పాటిస్తారు. బాప్టిస్టుల్లో పాతకాలంలో అంతగా లేదు, ఇప్పుడు నలభై రోజుల ఇంటింటి ప్రార్థనలు బాగా పెరిగాయి. మంచిదే, టీలు బిస్కెట్ల పోటీ లేనంతవరకు.

కోత పండుగ యూదుల పండుగేనా?

పోలిక ఉంది గాని అదే కాదు. ప్రథమ ఫలం దేవుడికి ఇవ్వడం పాత నిబంధన నుంచి తీసుకున్నాం, రూపం మాత్రం మనది. కొత్త ధాన్యం బస్తా, గుమ్మడికాయ, అరటిగెల, కాళ్ళు కట్టిన నాటుకోడి బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం పాట. బజారులో నలభై రూపాయలకు దొరికే గుమ్మడికాయను ఐదొందలకు పాడి, మళ్ళీ సంఘానికే ఇచ్చి ఇంకోసారి పాడించే పెద్దలు ఉంటారు. నాకు అన్ని పండుగల్లో ఇదే ఇష్టం.

ఈమధ్య యూదుల పర్ణశాలల పండుగ, బూర ఊదే పండుగ క్రైస్తవులూ చేయాలని కొన్ని బృందాలు చెబుతున్నాయి. తెలుసుకోవడం కోసం చేస్తే మంచిది. చేయకపోతే రక్షణ లేదంటే గలతీయులకు 4:10 చూపించండి, దినాలు, నెలలు ఆచరిస్తున్నారని పౌలు మందలించింది అక్కడే.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలు భోజనానికి పిలుస్తారు. వెళ్ళవచ్చా?

విజయనగరంలో ఈ ప్రశ్న లేని క్రైస్తవ ఇల్లు తక్కువ. దసరా దాటిన మంగళవారం ఊరంతా చుట్టాలే. పౌలు 1 కొరింథీయులకు 10:27లో పిలిస్తే వెళ్ళి పెట్టింది తినమన్నాడు, గుచ్చి గుచ్చి అడగవద్దన్నాడు. తర్వాతి వచనంలో, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దన్నాడు. ఆ రెండు వచనాల మధ్యే మన వాళ్ళు నడుస్తారు. పిన్ని గారింటికి వెళతారు, భోంచేస్తారు, మొక్కు దగ్గర మర్యాదగా పక్కన ఉంటారు. చాలా ఇళ్ళల్లో ఆ పిన్నిగారే "వీళ్ళకు వేరే తీసి పెట్టాను" అంటారు. ఆ మర్యాదకు బదులుగా క్రిస్మస్‌కు ఆవిడను పిలవడం మరచిపోకండి.

పెళ్ళికి ముహూర్తం చూడం అంటాం, మరి మూఢంలో పెట్టుకోవచ్చా?

నిరభ్యంతరంగా. కల్యాణమండపం తక్కువకు దొరుకుతుంది, వంటవాళ్ళు ఖాళీగా ఉంటారు. కాని ఆషాఢం వద్దని గుసగుసలాడే విశ్వాసులు మన దగ్గర తక్కువేం కాదు. కథోలిక, లూథరన్ సంఘాల్లో మాత్రం శ్రమల దినాల్లో పెళ్ళి సాధారణంగా చేయరు. అది చెడ్డ రోజు అని కాదు, ఉపవాస కాలం అని.

అమ్మాయిది శనివారం సంఘం, అబ్బాయిది ఆదివారం సంఘం. సంబంధం కలుపుకోవచ్చా?

కలుపుకున్నవాళ్ళు ఉన్నారు, బాగానే ఉన్నారు. నిశ్చితార్థానికి ముందే మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: శుక్రవారం సాయంత్రం ఆ ఇంట్లో వంట ఎలా, పిల్లలు ఎటు, శనివారం డ్యూటీ ఉన్న ఉద్యోగం అమ్మాయి చేస్తుందా లేదా, అడ్వెంటిస్టులు చాలామంది పంది మాంసం, రొయ్యలు, పీతలు తినరు కాబట్టి అత్తగారి రొయ్యల ఇగురు సంగతి ఏమిటి. "పెళ్ళయ్యాక చూసుకుందాం" అని వదిలేస్తే పంచాయతీ అయ్యగార్ల దాకా వస్తుంది.

పెళ్ళి రోజు మాత్రం శనివారం పెట్టకండి, అమ్మాయి తరఫువాళ్ళు సగం మంది రారు. ఆదివారం పొద్దున్న పెడితే అబ్బాయి తరఫు అయ్యగారు దొరకరు. గురువారం అందరికీ వీలు.